దేవుడు ఆకువక్క దంచుతూ కూర్చుంది

కర్నూలు వన్ టౌన్‌లో మ్యాచింగ్ సెంటర్లు ఒకే వరసలో ఆరు ఉండేవి. నాలుగోది సుందరలక్ష్మిది. పెళ్లి పట్టుచీరైనా, రోజూ కట్టే నూలుచీరైనా సంచిలోంచి తీసి బల్ల మీద పరిచేలోపే ఆమె చెయ్యి వెనక్కి పోయి సరిపోయే రవికగుడ్డను పట్టుకొచ్చేది. కళ్లతో వెతకడం ఎవరూ చూడలేదు. పదిహేనేళ్లుగా అదే పని. రంగులకు ఆమె పెట్టుకున్న పేర్లు ఏ కంపెనీ కార్డులోనూ దొరకవు. తడిసిన నాపరాయి, పండుటాకు, పాత ఇత్తడి, ఎర్రగడ్డ పొట్టు. కొనడానికొచ్చే ఆడవాళ్లు కూడా ఆ పేర్లకే అలవాటు పడి, మొన్న ఇచ్చిన పాత ఇత్తడి ఇంకో మీటరు కావాలని అడిగేవాళ్లు.

రంగు కుదిరేదాకా ఆడవాళ్లు నోరు మూసుకుని కూర్చోరు. ఈ చీర ఎవరు కొనిచ్చారు, కొనిచ్చినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు, ఎందుకు రావడం లేదు, అన్నీ బల్ల మీదికి వచ్చేవి. సుందరలక్ష్మి వినేది. ఆమె పుట్టిల్లు కడప. ఇంటర్ మధ్యలో ఆపించి పెళ్లిచేస్తే కల్లూరులో కాపురానికి వచ్చింది. వచ్చిన కొత్తలో అద్దె పుస్తకాల అంగడి ఒకటుండేది. అది మూతపడేలోపు అందులో ఉన్న ప్రేమకథలన్నీ చదివేసింది. చదివి చదివి ఒకటి కనిపెట్టింది. ఆ పుస్తకాల్లో ప్రేమించుకునేవాళ్లలో ఒక్కరూ తన అంగడికి వచ్చే మనిషి కాదు. వాళ్లకు మేడలుంటాయి, సముద్రం ఉంటుంది, ఊరికే తిరగడానికి కారు ఉంటుంది. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయిన అంగట్లో, మెడ మీద చెమట తుడుచుకుంటూ ఒకరినొకరు ఇష్టపడేవాళ్ల గురించి ఎవడూ రాయలేదు. సరే, తనే రాద్దామనుకుంది. వారపత్రికలకు నాలుగు కథలు పంపింది. స్టాంపులు అంటించిన తిరుగు కవర్లు కూడా పెట్టింది. కథలూ తిరిగి రాలేదు, కవర్లూ తిరిగి రాలేదు.

భర్త ధనుంజయ అడ్డు చెప్పలేదు. రాసుకో, దానికేముందనేవాడు. చదవమంటే మాత్రం ఆవలించేవాడు. సరుకు కోసం బెంగళూరు పోయివచ్చే మనిషికి రవికగుడ్డల ప్రేమ వేరే, కాగితాల ప్రేమ వేరే.

2007 చివర్లో ముస్తాక్ అనే అతను రెండు అంగళ్ల అవతల ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. ఐదు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వీధి మొత్తం నిద్రపోతుంది, ఇద్దరికీ బేరాలుండవు. ఒకరోజు ఆమె పెళ్లిపత్రిక ప్రింటు కోసం పోయి, చల్లగా ఉందని కాసేపు కూర్చుంది. తెలుగు ఎట్లా పడుతుందో అతను చూపించాడు. ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని కొడితే తెర మీద తెలుగులో అమ్మ అని పడింది. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని ఇంకో మాట కొట్టింది. జేజి. అదీ పడింది.

రాయలసీమలో జేజి అంటే నాయనను కన్నతల్లి. కోస్తా వైపు పసిపిల్లలకు దేవుడి పటం చూపించి జేజి అంటారు, దణ్ణం పెట్టుకో అంటారు. సీమ పిల్లలకు జేజికి దణ్ణం పెట్టాల్సిన పని లేదు. ఆమె కొంగు పట్టుకుని తిరిగితే చాలు, బెల్లం ముక్క దొరుకుతుంది. ఒకే మాట, రెండు చోట్ల రెండు అర్థాలు. ఇంత చిన్న తేడాలో ఒక మనిషి రెండేళ్ల కష్టం ఇరుక్కుపోతుందని అప్పుడు ఎవరనుకుంటారు?

ముస్తాక్ సాయంతో ఆమె బ్లాగు మొదలుపెట్టింది. దానికి మ్యాచింగ్ అని పేరు పెట్టింది. సోమవారం, గురువారం మధ్యాహ్నం రెండింటికి పోయి నాలుగింటిదాకా కూర్చునేది. అక్కడ ఒక ప్రేమకథ మొదలైంది, పేరు ‘ఎర్రగడ్డ పొట్టు రంగు చీర’. మ్యాచింగ్ సెంటర్లో పనిచేసే పిల్ల, బోరుబండి డ్రైవరు. అతను ఏ ఊళ్లో నీళ్లు పడతాయో తెలియకుండా తిరిగే మనిషి. ఈమె ఏ చీరకు ఏ రంగో తెలిసి ఒక్కచోటే కూర్చున్న మనిషి. ఇంట్లో ఈ ప్రేమకు కాపలా ఎవరయ్యా అంటే ఆ పిల్ల జేజి. పళ్లు లేని ముసలామె పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని చిన్న ఇనుప రోట్లో ఆకువక్క దంచుకుంటూ ఉంటుంది. డ్రైవరు వీధి చివర నిలబడగానే జేజి దంచడం ఆపుతుంది. లోపల బియ్యం ఏరుకుంటున్న పిల్లకు ఆ చప్పుడు ఆగిందంటే అర్థం తెలుసు. జేజి నోరు తెరిచి ఒక్క మాట అనదు, పిల్లా అడగదు. ఆగిన చప్పుడే వాళ్లిద్దరి మధ్యా మాట.

ఆ జేజి సుందరలక్ష్మి సొంత జేజే. కడప ఇంట్లో అరుగు మీద కూర్చున్న మనిషిని ఎత్తుకొచ్చి కథలో కూర్చోబెట్టింది. డ్రైవరు మాత్రం కల్పన. లేక కల్పన అని ఆమె చెప్పేది.

మొదటి మూడు భాగాలూ ముస్తాక్ తప్ప ఎవరూ చదవలేదు. నాలుగో భాగం కింద ఎవరో రెండు లైన్ల కామెంటు పెట్టారు. చీర రంగు చూడకుండానే కళ్ల ముందు కనబడిందండీ అని. ఆమె దాన్ని ఐదారు సార్లు చదివి, ప్రింటు తీయించి, అంగడి బీరువా తలుపు లోపలి వైపు అంటించింది. తర్వాత మెల్లగా జనం వచ్చారు. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైట్లో ఆమె పేరు కనబడ్డం మొదలైంది. బెంగళూరు నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు, కువైట్ నుంచి ఒక నర్సు, కోడుమూరు నుంచి ఉరుకుందప్ప అనే బస్సు కండక్టరు. హైదరాబాదు అబ్బాయి ఒకడు ఎర్రగడ్డ అంటే మా బస్టాపు కదండీ, దానికి పొట్టేంటి అని అడిగాడు. ఎర్రగడ్డ అంటే మీ ఉల్లిపాయ నాయనా, కోస్తే ఏడిపిస్తుంది, బస్టాపు ఏడిపించదు అని ఆమె జవాబు రాసింది. దాని కింద నలభై మంది నవ్వారు.

ప్రతి కామెంటుకూ ఆమె జవాబు రాసేది. ఒక్కటి కూడా వదిలేది కాదు. వచ్చిన మనిషిని చెంబెడు నీళ్లివ్వకుండా పంపుతామా అనేది ముస్తాక్‌తో. చదివేవాళ్లు జేజి ఎట్లా ఉంది, ఒంట్లో బాగుందా అని అడిగేవాళ్లు. ఆమె పోయి పన్నెండేళ్లయిందని సుందరలక్ష్మి రాస్తే కువైట్ నర్సు ఆ రోజు అన్నం తినలేదంది. ఎక్కడి కువైట్, ఎక్కడి కడప అరుగు. రవికగుడ్డ కొలిచి చింపే చేతికి ఇంతమంది మనుషులు తగిలారు కదా అని సుందరలక్ష్మికి ఆశ్చర్యంగా ఉండేది. నాలుగు తిరుగు కవర్లు మింగిన లోకం ఇదేనా అనిపించేది.

ఈ మనుషుల్లో ఇద్దరు దగ్గరయ్యారు.

ఒకతను వాసుదేవ్, హైదరాబాదులో ఒక వారపత్రికలో సబ్ఎడిటరు. ప్రతి భాగం కిందా నిదానంగా, మర్యాదగా రాసేవాడు. ‘సహృదయంతో స్వీకరిస్తారని’ అంటూ మొదలుపెట్టి అక్షరదోషాలు చూపించేవాడు. చదువు ఆగిపోయిన మనిషికి తప్పులు దిద్దేవాడు దొరకడం కంటే గొప్ప అదృష్టం లేదని ఆమె నమ్మింది. ఆయనను సార్ అని పిలిచేది.

రెండోది అమూల్య. ప్రొద్దుటూరు పిల్ల, ప్రైవేటు స్కూల్లో పంతులమ్మ. తనూ కథలు రాస్తున్నానని, ఒక్కటీ ఎక్కడా పడలేదని మొదటి మెయిల్లోనే చెప్పుకుంది. అందులో పుట్టింటి వైపు యాస కనబడగానే సుందరలక్ష్మికి ప్రాణం లేచివచ్చింది. 2008 దసరా సెలవుల్లో అమూల్య బస్సెక్కి కర్నూలు వచ్చేసింది. కల్లూరు ఇంట్లో రెండు రోజులుంది. ఉగ్గాని, బజ్జీలు తిని, అంగట్లో కూర్చుని రంగుల పేర్లు రాసుకుంది. పోయేటప్పుడు సుందరలక్ష్మి ఆమెకు పండుటాకు రంగు చీర పెట్టి, దానికి తగ్గ గుడ్డ తనే చింపి ఇచ్చింది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెయ్యి పట్టుకుని అమూల్య అంది, “నాకు సొంత అక్క ఉన్నా ఇట్ల ఉంటాదో లేదో.”

నలభై ఒక్క భాగాలతో కథ 2009 జూలైలో ముగిసింది. ముగింపు కింద నూరుకు పైగా కామెంట్లు వచ్చాయి. వారం తిరక్కముందే వాసుదేవ్ మెయిల్ పంపాడు. మా పత్రికలో సీరియల్‌గా వేయడానికి ప్రయత్నిస్తాను, ఎడిటరు గారితో నేను మాట్లాడతాను, అయితే రెండు నియమాలున్నాయి అన్నాడు. మొదటిది, ఎక్కడా ప్రచురణ కాలేదని హామీపత్రం రాసి సంతకం చేయాలి. రెండోది, అందుకని బ్లాగులో ఉన్నదాన్ని తీసేయాలి. అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పవద్దు, ఆఫీసులో అసూయపడేవాళ్లుంటారు, కాబట్టి ప్రింటూ హామీపత్రమూ మా ఇంటి చిరునామాకే పంపండి అని కూడా రాశాడు.

ఆమె ఆ మెయిల్‌ను ముస్తాక్‌కు చూపించింది. అతను బ్లాగు తెరిచి, తీసేసే బటన్ దగ్గర మౌసు పెట్టి చెయ్యి ఎత్తేశాడు.

“అక్కా, ఇది నొక్కితే కామెంట్లు గూడా పోతాయి. మళ్ల రావు.”

“కత రాసిపెట్టుకున్నాం గదా.”

“కత ఉండాది నా కంప్యూటర్లో. కామెంట్లు లేవు. ఈళ్లంతా నువ్వు యాడికి పోతివని అడగరా?”

ఆమె మౌసు అందుకుంది. అచ్చులో చూసుకుంటే వాళ్లే సంతోషిస్తారని, అంతదాకా ఓర్చుకుంటారని చెప్పి తనే నొక్కింది. తొమ్మిది వందల చిల్లర కామెంట్లు, వాటికి తొమ్మిది వందల చిల్లర జవాబులు ఒక్క వేలితో పోయాయి. పోయిన పేజీ తెల్లగా, ఉతికిన గుడ్డలా ఉంది.

ఆగస్టులో ప్రింటు కొరియర్లో పంపింది. సెప్టెంబరంతా ఎడిటరు గారు చదువుతున్నారన్నాడు వాసుదేవ్. అక్టోబరు రెండో తేదీన తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చాయి. కల్లూరులో వాళ్ల ఇల్లు కాస్త మెరకన ఉంది కాబట్టి బతికిపోయారు. వన్ టౌన్ మునిగింది. నీళ్లు తీశాక పోయి చూస్తే అంగడి షట్టరు వంగిపోయి ఉంది. బీరువాల్లో రంగులన్నీ ఒకే రంగుకు, నల్లరేగడి బురద రంగుకు తిరిగాయి. ఆ ఒక్క రంగుకు మాత్రం ఆమె దగ్గర పేరు లేదు. కొరియరు రసీదు, కథ రాసిన నోటుపుస్తకాలు బల్ల సొరుగులో ముద్దయిపోయాయి. ముస్తాక్ సెంటర్లో కంప్యూటర్ల డబ్బాలు తలకిందులుగా తేలి, అడ్డాల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. అతను ఒకదాన్ని ఒంపితే లోపలి నుంచి నీళ్లు, చిన్న చేప బయటపడ్డాయట. ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వాడట.

ఆ వారంలో వాసుదేవ్ ఫోన్ చేశాడు. ఎంతో బాధపడ్డాడు. అంగడి పోయిందా, మనుషులు బాగున్నారా, అన్నీ అడిగాడు. ఆఖర్న గొంతు తగ్గించి అడిగాడు.

“కథ కాపీ ఇంకెక్కడైనా ఉందాండీ? ఇంట్లోగానీ, మీవాళ్ల దగ్గరగానీ? ఉంటే జాగ్రత్త చేసుకోండి.”

“యాడా లేదు సార్. అంతా మీ దగ్గరే ఉండాది.”

ఫోన్ పెట్టేశాక ఆమె ధనుంజయతో అంది, ఇంత నష్టంలోనూ నా రాత గురించి అడిగిన మనిషి ఆయన ఒక్కడే అని. ధనుంజయ బురద ఎత్తిపోస్తూ తలూపాడు.

తర్వాత వాసుదేవ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. పనిలో ఉంటాడనుకుంది. డిసెంబరు మొదటి వారంలో, అప్పుడప్పుడే సున్నం వేసి తెరిచిన అంగడికి కోడుమూరు ఉరుకుందప్ప వచ్చాడు. డ్యూటీ చొక్కా మీదే ఉన్నాడు. ఆమెను అంతకుముందు చూడలేదు. వన్ టౌన్ మ్యాచింగ్ సెంటర్లన్నీ వరసగా అడుగుతూ వచ్చాడు. చేతిలో వారపత్రిక మూడు సంచికలు.

“సుందరలక్ష్మి అంటే నువ్వేనా తల్లీ? నీ కత పడతాండాది. పేరు మాత్రం ఎవరిదో ఉండాది. నువ్వే పేరు మార్చుకున్యావేమో అని అడిగిపోదామని వచ్చినా.”

‘ఉల్లిపొర రంగు చీర’, రచన శ్రీవాసవి.

ఆమె నిలబడే చదివింది. మ్యాచింగ్ సెంటరు పిల్ల ఉంది. బోరుబండి డ్రైవరు ఉన్నాడు. ఎర్రగడ్డలు ఉల్లిపాయలయ్యాయి, అంగడి షాపయింది, దుడ్లు డబ్బులయ్యాయి, ఉండాది ఉంది అయింది. తన వాక్యాలకు ఎవరో తల దువ్వి, పౌడరు పూసి, కొత్త బట్టలు తొడిగి నిలబెట్టినట్టుంది. అయినా నడక తనదే. కన్నబిడ్డ నడక తల్లికి తెలియదా?

“ఈడ చూడు తల్లీ, మూడో వారంలో,” అని ఉరుకుందప్ప వేలు పెట్టి చూపించాడు. “దీనికి మా డిపోలో అందరం నగినాం.”

అక్కడ ఇట్లా ఉంది. ‘పొద్దుటి నుంచి దేవుడు అరుగు మీద ఆకువక్క దంచుతూ కూర్చుంది. పళ్లు లేవు కాబట్టి దేవుడుకి మెత్తగా నలగాలి.’

ఎవడో జేజి అన్న మాట దగ్గర ఆగి, ఇది చిన్నపిల్లల మాట, పెద్దల పత్రికలో బాగుండదనుకుని, ఉన్న చోటల్లా తీసి దేవుడని పెట్టేశాడు. చదివి పెట్టినవాడైతే ఆకువక్క దగ్గరైనా ఆగేవాడు, కూర్చుంది దగ్గరైనా ఆగేవాడు. దొంగిలించినవాడికి చదివే ఓపిక లేదు. కంప్యూటరుకు చెప్పి ఒకేసారి మార్పించుకున్నాడు. ఆ సంచిక నిండా పళ్లు లేని దేవుడు మనవరాలికి తలదువ్వుతోంది, కోడలిమీద అలుగుతోంది, డ్రైవరును చూసి దంచడం ఆపుతోంది.

సుందరలక్ష్మికి నవ్వు రాలేదు. పోయిన జేజిని ఎవరో రెండోసారి చంపి, పాడె మీద వేరే పేరు రాసినట్టనిపించింది.

ఉరుకుందప్ప సాక్ష్యం చెప్తానన్నాడు. కానీ అతను నెట్ సెంటర్లో చదివి పోయినవాడు, చేతిలో కాగితం ముక్క లేదు. వారపత్రికకు ఆమె ఫోన్ చేస్తే ఎవరో తీసి, రోజుకు ఇలాంటి ఫోన్లు పది వస్తాయమ్మా, తేదీ ఉన్న ఆధారమేదైనా ఉంటే పంపండి, చూస్తామన్నారు. హామీపత్రం సంగతి అడిగితే అలాంటిదేదీ ఆఫీసుకు రాలేదన్నారు. అది నిజమే. అది పోయింది ఇంటికి.

తేదీ ఉన్న ఆధారం. వాసుదేవ్ మెయిల్ ఉంది గానీ, అందులో కథ పేరూ లేదు, కథలోని ఒక్క వాక్యమూ లేదు. ఆ రోజంతా అదే మాట పట్టుకుని తిరిగింది. మరుసటి మధ్యాహ్నం ముస్తాక్‌కు గుర్తొచ్చింది. బ్లాగు పెట్టిన కొత్తలో, అడిగినవాళ్లకు కొత్త భాగం పడగానే మెయిల్లో వెళ్లేట్టు తనే ఏర్పాటు చేశాడు. పదకొండు మంది అడిగారు. వాళ్ల చిరునామాలు బ్లాగుతోపాటే పోయాయి. పది మంది ఎవరో, ఎక్కడున్నారో తెలియదు. పదకొండో మనిషి అమూల్య.

సుందరలక్ష్మి అక్కడి నుంచే ఫోన్ చేసింది. జరిగింది చెప్తుంటే అవతల నుంచి ఊ కొట్టడం కూడా లేదు. అమూల్యా, ఇంటున్నావా అని రెండు సార్లు అడగాల్సి వచ్చింది.

“ఇంటున్నా అక్కా.”

“నీ మెయిల్లో కత భాగాలు ఉంటాయంట. తేదీలతో ఉంటాయంట. వాటిని ఆ ఎడిటరుకు పంపితే చాలు. నువ్వు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు.”

అవతల స్కూలు పిల్లల అరుపులు దూరమయ్యాయి. తర్వాత అమూల్య అంది, “వాసుదేవ్ సార్ అంత చెడ్డాయన కాదక్కా. ఆయన భార్యకు చానాళ్ల నుంచి రాయల్లని కోరిక. ఆమె ఒంట్లో గూడా బాగలేదు.”

సుందరలక్ష్మికి ముందు అర్థం కాలేదు. “భార్య ఎవురు?”

“శ్రీవాసవి గారు. నీకు తెలీదా?”

తెలియదు. ఆమెకు తెలియదు. ప్రొద్దుటూరులో ఉన్న పిల్లకు తెలుసు.

“నీకు ఎప్పటి నుంచి తెలుసు?”

అమూల్య అవతల ఎవరో పిల్లాడిని కసురుకుంది. సుందరలక్ష్మి గొంతు పెంచలేదు. బేరం దగ్గర అడిగినట్టు, ఒక్కో మాట విడదీసి అడిగింది.

“నీ దగ్గర ఆ భాగాలు ఉండాయా, లేవా? అది చెప్పు.”

“ఉండాయి,” అంది అమూల్య. ఆ ఒక్కటీ నిజం చెప్పింది. “కానీ పంపలేనక్కా. సంక్రాంతి సంచికలో నా కత వేస్తాండారు. సారే ఇప్పించినాడు. నువ్వు శానా బాగ రాస్తావు, ఇంకోటి రాసుకుంటావు. నీకు వస్తాది. నాకు ఆరేండ్లకు వచ్చింది ఈ ఒక్కటే.”

“ఆ మాట నన్ను అడిగుంటే నేనే రాసి ఇచ్చుందునే నీకు, పది కతలు.”

అమూల్య ఏడ్చింది. ఏడుపు నిజమైనదే అయ్యుంటుంది. అవతల బెల్లు కొట్టారు, క్లాసుందక్కా అని పెట్టేసింది.

వాసుదేవ్ చేసిన పనికి సుందరలక్ష్మికి కోపం వచ్చింది. కోపం ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అమూల్య చేసినదానికి కోపం రాలేదు. అంతకంటే పాడుది వచ్చింది. ఆ పిల్ల వచ్చిన రెండు రోజులూ ఏమేం మాట్లాడిందో, ఏ మాట దగ్గర తను మోసపోయిందో వెతుక్కుంటూ కూర్చుంది. ఒక్కటీ దొరకలేదు. ఆ రెండు రోజుల్లో అబద్ధం లేదు. అదే బాధ. అబద్ధముంటే చింపి అవతల పారేసేది.

ఇక ఆమె దగ్గర మిగిలింది ఒక్క మాట. జేజి. ధనుంజయ వద్దన్నా వినకుండా ఎడిటరుకు రిజిస్టర్డు పోస్టులో నాలుగు పేజీల ఉత్తరం రాసింది. అయ్యా, ఈ కథ నాది. రాసినవాళ్లకు జేజి అంటే ఏమిటో తెలుసు. మీ పత్రికలో రాసినావిడకు తెలియదు. మూడో వారం సంచిక చూడండి. దేవుడు ఆకువక్క దంచుతుందా? దేవుడికి పళ్లుండవా? కడప జిల్లాలో ఏ పసిపిల్లనడిగినా జేజి ఎవరో చెప్తుంది. రాసిన మనిషికే తన కథలో ఉన్న ముసలామె ఎవరో తెలియకుండా ఉంటుందా? ఆ జేజి మా నాయన తల్లి. ఆమె పేరు వెంకటలక్ష్మమ్మ. కడపలో మా ఇంటి అరుగు మీద ఆమె రోలు పెట్టిన గుంత ఇప్పటికీ ఉంది, వచ్చి చూసుకోండి.

రాశాక ఆమెకు ధైర్యం వచ్చింది. ఈ లెక్కను ఎవడూ కొట్టేయలేడనుకుంది. నిజానికి అది గట్టి సాక్ష్యమే. పంపిన చోటే తప్పు.

రెండు వారాల తర్వాత, డిసెంబరు ఆఖరి సంచికలో జవాబు వచ్చింది. సీరియల్ భాగం చివర, గీత కింద, చిన్న అక్షరాల్లో ఉంది.

‘సవరణ: గత సంచికలలో నాయనమ్మ అని ఉండవలసిన చోట దేవుడు అని పడింది. అచ్చుతప్పుకు చింతిస్తున్నాం. సహృదయంతో ఎత్తిచూపిన కర్నూలు పాఠకురాలు శ్రీమతి సుందరలక్ష్మి గారికి కృతజ్ఞతలు.’

ఆ వారం భాగంలో దేవుడెక్కడా లేడు. అన్నిచోట్లా నాయనమ్మ కూర్చుని శుభ్రంగా, వ్యాకరణం తప్పకుండా ఆకువక్క దంచుతోంది. దొంగ సొత్తుకు ఉన్న ఒక్క మరకనూ ఆమే చూపించింది, వాళ్లు తుడుచుకున్నారు. ఇక ఎవరు చదివినా ఎక్కడా అనుమానం రాదు. సహృదయంతో అన్న మాట చూడగానే ఆ నాలుగు లైన్లు ఎవరు రాశారో ఆమెకు తెలిసింది. ఎడిటరు దాకా ఉత్తరం పోయిందో లేదో కూడా ఇక తెలియదు.

పాఠకురాలు. రెండేళ్లు పాఠకులకు తొమ్మిది వందల జవాబులు రాసిన మనిషిని ఒక్క గీత కింద పాఠకురాలిని చేశారు.

మరుసటి రోజు ఆమె ఆలస్యంగా అంగడికి వచ్చేసరికి బల్ల ముందు ఇద్దరు ఆడవాళ్లు, పక్కంగడి గుమాస్తా నిలబడి ఉన్నారు. ధనుంజయ పత్రిక తెరిచి వాళ్లకు చూపిస్తున్నాడు. రెండేళ్లు ఆమె రాసింది ఒక్క పేజీ చదవని మనిషి, ఆ నాలుగు లైన్లు మాత్రం కొంచెం గట్టిగా, తడబడుతూ చదివి వినిపిస్తున్నాడు. ఆమెను చూసి మొహం విచ్చుకుంది.

“చూడు, పేరు పడింది నీది. శ్రీమతి అని గూడా వేసినారు. పటం కట్టిద్దామా?”

ఆమె ఆయన చేతిలోంచి పత్రిక తీసుకుని మడిచింది. ఆయనకు చెప్పాలంటే నలభై ఒక్క భాగాలూ మొదటి నుంచి చెప్పాలి. ఆడవాళ్లలో ఒకామె సంచిలోంచి చీర తీసింది. సుందరలక్ష్మి చెయ్యి వెనక్కి పోయి గుడ్డ తెచ్చింది. అప్పుడు మొదటిసారి, తెచ్చిన రంగు కుదరలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆమె ముస్తాక్ దగ్గరికి పోయింది. ఐదింటిలో రెండు కంప్యూటర్లు కొత్తగా వచ్చాయి. గోడల మీద నీళ్లు నిలిచిన గీత ఇంకా కనబడుతోంది. ఆమె కూర్చుని కొత్త బ్లాగు కావాలంది. ‘ఎర్రగడ్డ పొట్టు రంగు చీర’ను జ్ఞాపకమున్నట్టు మొదటి నుంచి రాస్తానంది. ముస్తాక్ తటపటాయించాడు. ఇప్పుడు రాస్తే చదివినవాళ్లు వారపత్రిక నుంచి నువ్వే కాపీ కొట్టినావంటారు అక్కా, అన్నాడు.

“అంటారు.”

“మరి?”

“నాది నేను రాయకుంటే ఇంగ ఆమెదే అయితాది.”

అతను తెర మీద వరసగా అడిగినవన్నీ నింపుతూ పోయాడు. పేరు దగ్గర ఈసారి ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయించింది. కామెంట్లు ఎవరెవరు పెట్టవచ్చు అనే చోటికి వచ్చేసరికి, ఎప్పట్లానే అందరూ అన్నదాని మీద మౌసు పెట్టాడు. ఆమె అతని చెయ్యి పక్కకు జరిపి, ఎవరూ వద్దు అన్నదాని మీద నొక్కింది.

“అట్లయితే ఎవురు చదివినారో నీకెట్ల తెలుస్తాదక్కా?”

“పోయినసారి తెల్సుకున్యాం గదా,” అంది సుందరలక్ష్మి.

కుర్చీ ముందుకు లాక్కుంది. మొదటి భాగంలో మొదటి వాక్యం ఆమెకు అక్షరం తప్పకుండా గుర్తుంది. రెండోది గుర్తు రాలేదు. వారపత్రికలో చదివిన దువ్విన వాక్యమే దానికి అడ్డం వచ్చి నిలబడింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, తనది వచ్చేదాకా కాచుకుని కూర్చుంది. మూడున్నరకు వచ్చింది. కొట్టింది.